మంచం పక్కన అమ్మకో కుర్చీ

వికారాబాద్ జిల్లా బంట్వారం నుంచి పట్నానికి, అంటే హైదరాబాద్‌కు, దాదాపు 100 కిలోమీటర్లు. జరం దిగని పిల్లనో, ఫిట్స్ ఆగని పిల్లాడినో ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఆ దూరం ఎంతో తెలియదు. వికారాబాద్ దాటాక మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్. ఆ రోడ్డుకు రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు. చుట్టాలింటికి పోయేటప్పుడు ఆ మర్రిచెట్లను పిల్లలకు చూపించి మురిసిన అమ్మే, ఇవాళ అంబులెన్సులో ఆక్సిజన్ సిలిండర్ ముల్లు మీది నుంచి చూపు తిప్పదు.

మా అక్కను ఆ పక్క పల్లెకే ఇచ్చాం. అందుకని ఆ దారి నాకు బాగా ఎరుక. పిల్లలకు పెద్ద జబ్బు చేస్తే ముందు ఊరి దగ్గరి పీహెచ్‌సీ, తర్వాత తాండూరు జిల్లా ఆసుపత్రి గానీ వికారాబాద్ గానీ, అక్కడా తేలకపోతే పట్నంలోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి. "పట్నం రాసిచ్చిన్రు" అంటారు మావాళ్లు. రాసిచ్చిన చిట్టీలన్నిటినీ తండ్రి ఒక పాలిథీన్ కవర్లో చుట్టి అంగీ లోపల దాచుకుంటాడు. ఆ కవరు అతనికి బిడ్డ ప్రాణంతో సమానం. అందులో ఏం రాసుందో మాత్రం అతనికి ఎవరూ చదివి చెప్పరు.

నిలోఫర్ ఆసుపత్రి పుట్టిందే ఒక దుఃఖంలోంచి. నిలోఫర్ ఇస్తాంబుల్‌లో పుట్టిన ఒట్టోమన్ రాజవంశపు పిల్ల. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకును 1931లో పెళ్లాడి హైదరాబాద్ కోడలైంది. ఆమెకు పిల్లలు కలగలేదు. 1949లో తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయిందని తెలిసి తల్లడిల్లిపోయింది. తల్లీబిడ్డలకు ఒక ఆసుపత్రి కట్టించమని మామగారిని అడిగింది. 1953లో రెడ్‌హిల్స్‌లో అది తలుపులు తెరిచింది. ఇవాళ అక్కడికి బిడ్డను ఎత్తుకొచ్చే తల్లుల్లో చాలామందికి ఈ కథ తెలియదు. నాకు మాత్రం ఆ గేటు దాటినప్పుడల్లా, పిల్లల్లేని ఆ యువరాణికి ఇంకొకరి కడుపుకోత అంతగా ఎలా తగిలిందా అనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. పన్నెండేళ్ల కిందట మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, మెదడువాపుతో పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. మూడో రోజు పొద్దున డాక్టరు కారిడార్‌లో నడుస్తూనే "ప్రోగ్నోసిస్ పూర్ అమ్మా" అని లిఫ్టు ఎక్కారు. అక్క ఆ మాటల్లో ఒక్కటే పట్టుకుంది. నన్ను గోడ వారకు పిలిచి, "మనం పూర్ అని ఆళ్లకు తెల్సిపోయిందిరా తమ్మీ, అందుకే మంచిగ చూస్తలేరు" అంది. మెడలోంచి పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టింది. "ఇది కుదువ పెట్టు. మనకాడ ఉన్నయని చెప్పు."

ఆ డాక్టరు చెడ్డవాడు కాదు. రాత్రంతా మేలుకున్నట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. జబ్బు గడ్డుగా ఉంది, నయం కావడం కష్టం అన్నదే ఆయన చెప్పదలచుకున్నది. నేల మీద కూర్చున్న అక్క పక్కన రెండు నిమిషాలు కూర్చుని తెలుగులో చెప్పి ఉంటే ఆ పుస్తెలతాడు మెడలోంచి కదిలేది కాదు.

ఐసీయూలో వాడే మాటలు బయటి మనుషులకు వేరే అర్థాలిస్తాయి. "స్టేబుల్‌గా ఉన్నాడు" అంటే బాగయ్యాడని ఇంటికి ఫోన్లు వెళ్తాయి. నిజానికి ఆ మాటకు నిన్నటికంటే దిగజారలేదు, పుంజుకోనూ లేదు అని అర్థం. వెంటిలేటర్ సంగతి ఇంకా కష్టం. మా దిక్కు "మిషన్ మీద పెట్టిన్రు" అంటే ఆశ వదులుకున్నట్టే. పోయినోళ్లను మిషన్ మీద ఉంచి పైసలు గుంజుతారన్న అనుమానం ఊరూరా ఉంది. వెంటిలేటర్ జబ్బును నయం చెయ్యదు. ఊపిరితిత్తులు కోలుకునేదాకా గాలిని లోపలికి పంపే పనిని అది తన మీద వేసుకుంటుంది, అంతే. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి, తల్లిని లోపలికి తీసుకెళ్లి, బిడ్డ ఎద లేచి పడటం చూపిస్తే చాలా అనుమానాలు అక్కడే పోతాయి.

అంకెలూ అంతే. వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మానిటర్ ఉంటుంది. చదువు రాని తండ్రి కూడా రెండు రోజుల్లో ఆ అంకెను చదవడం నేర్చుకుంటాడు. తొంభై ఐదుంటే నీళ్లు తాగుతాడు, తొంభై అయితే గోడకు ఆనుకుంటాడు. పిల్లాడు కదిలి క్లిప్పు జారితే అంకె డెబ్బైకి పడిపోయి గంట మోగుతుంది. ఆ క్షణంలో కన్నవాళ్ల ముఖాలు చూడాలి. ఒకసారి ఒక సిస్టర్ అటూ ఇటూ పరుగెత్తే పనిలో ఉండి కూడా ఆగి, "వైరు జారిందమ్మా, పిలగానికి ఏం గాలే. ఇగో చూడు, మళ్లొస్తది" అని తల్లి చేత్తోనే క్లిప్పు పెట్టించింది. పది సెకన్లు పట్టింది. ఆ రాత్రి ఆ తల్లి కాసేపైనా కునుకు తీసింది.

సంతకాల దగ్గర ఇంకో చిక్కు. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. బంట్వారం, తాండూరు దిక్కున తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. "అర్థమైందా?" అనడిగితే అందరూ తల ఊపుతారు. పెద్ద డాక్టరు ముందు కాలేదని ఎవరంటారు? నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. "ఇప్పుడు నేను చెప్పింది ఇంటికి ఫోన్ చేసి మీ అత్తమ్మకు ఎట్ల చెప్తవు?" అని అడగటం. తల్లి తన మాటల్లో తిరిగి చెబుతుంది. ఎక్కడ తప్పిందో అప్పుడు దొరుకుతుంది. "మగవాళ్లెవరైనా ఉన్నారా?" అని తల్లిని దాటేసి మామనో, మేనమామనో పక్కకు తీసుకెళ్లి చెప్పే అలవాటు మాత్రం మానాలి. తనకు దాచారని ఆమెకు తర్వాత తెలుస్తుంది, ఆ దెబ్బ మానదు.

వినడం వల్ల ఏమొస్తుందో ఫ్రాన్స్‌లో కొలిచి చూశారు. 22 ఐసీయూల్లో, చనిపోబోతున్న రోగుల కుటుంబాల మీద చేసిన ఆ అధ్యయనం 2007లో వచ్చింది. రోగులు పెద్దవాళ్లే అయినా కుటుంబాల బాధ ఒకటే కదా. సగం కుటుంబాలతో మామూలుగా మాట్లాడారు. మిగతా సగంతో మాట్లాడేందుకు డాక్టర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు: వాళ్ల మాటకు విలువివ్వడం, బాధను గుర్తించడం, వినడం, ఆ రోగి మనిషిగా ఎలాంటివాడో అడిగి తెలుసుకోవడం, ప్రశ్నలు అడగనివ్వడం. మామూలు సమావేశం 20 నిమిషాలు నడిస్తే ఇది 30 నిమిషాలు నడిచింది. అందులో ఇంటివాళ్లు మాట్లాడింది మామూలు సమావేశంలో 5 నిమిషాలు, ఇక్కడ 14 నిమిషాలు. మూడు నెలల తర్వాత అడిగితే, పీడకలల్లా వెంటాడే మానసిక గాయపు లక్షణాలు మొదటివాళ్లలో 69 శాతం మందికి ఉంటే, రెండోవాళ్లలో 45 శాతం మందికే ఉన్నాయి. ఒక్కో సమావేశానికి అదనంగా ఖర్చయింది పది నిమిషాలు.

ఇక ఐసీయూ తలుపు సంగతి చెప్పాలి. ఐరోపాలో ఒకప్పుడు పిల్లల వార్డుల్లోకి తల్లుల్ని రానిచ్చేవారు కాదు. వస్తే పిల్లలు ఏడుస్తారని, ఇన్ఫెక్షన్లు తెస్తారని. 1925లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జేమ్స్ స్పెన్స్ అనే వైద్యుడు తల్లుల్ని కూడా బిడ్డలతో పాటు చేర్చుకోవడం మొదలుపెడితే వింతగా చూశారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాప మీద సినిమా తీశాడు. ఆ పాప పెద్దగా ఏడవదు. రోజురోజుకూ ముడుచుకుపోతుంది. పిల్ల ఏడవకపోతే కుదుటపడిందని అప్పటిదాకా వార్డువాళ్లు అనుకునేవారు, అది లోపల విరిగిపోవడమని ఆ సినిమా చూపించింది. 1959లో అక్కడి ప్రభుత్వ కమిటీ తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వమని సిఫారసు చేసింది.

మన దగ్గర ఆ కథ తలకిందులైంది. మన సర్కారు దవాఖాన జనరల్ వార్డులో తల్లి ఎప్పుడూ మంచం మీదో, మంచం కిందో బిడ్డతోనే ఉంది. పేదరికమో, నర్సులు చాలకపోవడమో కారణం కావచ్చు, కానీ ఉంది. అద్దాల ఐసీయూలు కట్టుకున్నాక ఆమెను బయటికి పంపి, సాయంత్రం పది నిమిషాలు చూపించడం నేర్చుకున్నాం. ఇన్ఫెక్షన్ భయం ఉత్తిది కాదు. చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పితే ఆ భయం చాలావరకు తీరుతుంది. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగంలో తల్లిదండ్రులకు అలా నేర్పి, వాళ్లనే సంరక్షణలో భాగం చేశారు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని దేశమంతటికీ మార్గదర్శకంగా ఇచ్చింది.

2021లో వచ్చిన ఇంకో పరిశోధన నన్ను ఆలోచనలో పడేసింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లోని ఆసుపత్రుల్లో, కిలో నుంచి కిలోన్నర పైచిలుకు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లల మీద చేశారు. పుట్టగానే తల్లి ఎదకు ఆనించి, తల్లిని కూడా ఇంటెన్సివ్ కేర్‌లోనే పడుకోబెట్టిన పిల్లల్లో నెలలోపు చనిపోయింది 12 శాతం. ముందు బిడ్డ స్థితి కుదుటపడనిచ్చి తర్వాత తల్లికిచ్చిన చోట 15.7 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను ముందే ఆపేశారు. తల్లిని లోపల ఉంచడం ఆమెకు చేసే దయ అనుకునేవాణ్ని. అది బిడ్డకు మందు కూడా.

అయితే తల్లి లోపల ఉండాలంటే ఆమె కూర్చోవడానికి చోటుండాలి. పచ్చి బాలింతను పగలంతా నిలబెట్టకూడదు. ఆమె తినాలి, స్నానం చెయ్యాలి. తండ్రికి రోజు కూలి పోతోంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలు ముసలమ్మ దగ్గరున్నారు, కంది చేను అట్లనే ఉంది. 2022 మే నుంచి హైదరాబాద్‌లోని 18 సర్కారు ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవాళ్లకు 5 రూపాయలకే భోజనం మొదలుపెట్టారు. ఆకలి తీరిన మనిషికి డాక్టరు చెప్పింది తలకెక్కుతుంది. అందుకే ఆ అన్నాన్ని కూడా నేను వైద్యంలోనే లెక్కేస్తాను.

కొన్ని జబ్బులు నయం కావు. నిలోఫర్‌కు దగ్గర్లోనే, అదే రెడ్‌హిల్స్‌లో, 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టర్ గాయత్రి పాలట్ బృందం ఏళ్లుగా పిల్లలకు పాలియేటివ్ కేర్ అందిస్తోంది. ఈ మాట వినగానే "ఇంక చేతులెత్తేసిన్రు" అనుకుంటారు మనవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే దీన్ని వివరించింది: జబ్బు బయటపడిన రోజే ఇది మొదలవ్వాలి, వైద్యం ఒక పక్క నడుస్తూనే ఉండొచ్చు, బిడ్డతో పాటు కుటుంబాన్నీ చూసుకోవాలి. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం, వీటికి చేసే వైద్యమిది. నోటితో తాగే మార్ఫిన్ ఇందులో ముఖ్యం. చట్టబద్ధంగా నల్లమందు పండించే మన దేశంలోనే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పెట్టిన అనుమతుల వల్ల ఆ మందు ఆసుపత్రులకు దొరకడం గగనమైంది. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. నొప్పితో మెలికలు తిరిగిన పిల్ల, ఆ మందు పడ్డాక లేచి కూర్చుని బొమ్మల పుస్తకం అడిగితే తల్లి ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్లు మార్ఫిన్‌ను మత్తుమందు అనరు.

మా దారిలోని చేవెళ్ల సర్కారు దవాఖానలో కూడా పాలియేటివ్ కేర్ వార్డు పెట్టారు. ఇళ్లకు వెళ్లి చూసే వాహనాలకు 'ఆలన' అని పేరు. మంచి పేరు. ఇంటికి తీసుకెళ్లండి అన్న మాటకు అప్పుడు అర్థం మారుతుంది. ఏ రాత్రి ఆయాసమొస్తే ఏ మందు ఎంత వెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసిచ్చి పంపితే అది ఇంటికి పంపడం. అవేవీ లేకుండా పంపితే గెంటెయ్యడమే.

బిడ్డ దక్కనప్పుడు కూడా చెయ్యాల్సింది మిగిలే ఉంటుంది. ట్యూబులు తీసేసి, ఒళ్లు తుడిచి, తల్లి ఒళ్లో కాసేపు ఉంచడం. ఇది నీ వల్ల జరగలేదమ్మా, నువ్వు ఆలస్యం చెయ్యలేదమ్మా అని తల్లిని పేరు పెట్టి పిలిచి చెప్పడం. బిల్లు మాట ఆ పూటకు ఎత్తకపోవడం. నెలకో, రెణ్నెల్లకో ఆసుపత్రి నుంచి ఒక ఫోను చెయ్యడం. ఆ ఫోనులో తల్లులు దాదాపు ఒకటే అడుగుతారట: "బిడ్డకు నొప్పయ్యిందా?" దానికి జవాబు ఆ రాత్రి మంచం పక్కన ఉన్నవాళ్లకే తెలుసు.

మా అక్కకు అలాంటి ఫోనేదీ రాలేదు. పన్నెండేళ్లయినా, తెల్లారగట్ల పొయ్యి రాజేస్తూ ఉన్నట్టుండి నన్ను అడుగుతుంది: "ఆ రాత్రి వాడు నన్ను పిలిచిండంటావా తమ్మీ?"

నేనూ ఆ రాత్రి తలుపు ఇవతలే ఉన్నాను.