నడిచే ఇంజన్ ఎందుకు ఆగింది?

చేలో డీజిల్ ఇంజన్ నడుస్తోంది. మడికి నీళ్లు పారుతున్నాయి. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. అప్పుడు మనం ఏం చేస్తాం? పరుగున వెళ్లి హ్యాండిల్ తిప్పుతాం. చేతులు నొప్పి పుడతాయి. ఇంజన్ మాత్రం నడవదు.

ఇంజన్ ఊరికే ఆగదు. కారణం ఉంటుంది. ముందు అది వెతకాలి.

డీజిల్ అందుతోందా?

ట్యాంకులో డీజిల్ ఉందా? చూడండి. ఉంటే, మూతను చూడండి. చాలా మూతలకు చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి గాలి లోపలికి పోవాలి. అది దుమ్ముతో పూడిపోతే డీజిల్ కిందికి దిగదు. నూనె డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె సరిగా కారదు కదా! ఇదీ అంతే. ఫిల్టరులో మడ్డి పేరుకున్నా డీజిల్ అందదు.

డీజిల్ పూర్తిగా అయిపోయిందా? మళ్లీ పోసినా పైపులో గాలి ఉండిపోతుంది. "ఎయిర్ పట్టింది" అంటారు. ఫిల్టరు మీది గాలి స్క్రూ కొంచెం వదులు చేయండి. బుడగలు వస్తాయి. బుడగలు ఆగి డీజిల్ మాత్రమే వచ్చాక బిగించండి.

బాగా వేడెక్కిందా?

చల్లార్చే నీళ్లు అందకపోయినా, ఆయిల్ తగ్గినా ఇంజన్ వేడెక్కుతుంది. దాని మీద చన్నీళ్లు కుమ్మరించకండి. పగులుతుంది. దానంతట అదే చల్లారనివ్వండి. తర్వాత ఆయిల్ కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. చల్లారాక కూడా హ్యాండిల్ తిరగకపోతే బలవంతం చేయకండి. మెకానిక్‌ను పిలవండి.

ఇంజన్ బావిలో ఉందా?

ఇది అన్నిటికంటే ముఖ్యం. నీళ్లు అందక కొందరు ఇంజన్‌ను బావిలోకి దించుతారు. పొగ బావిలోనే నిండుతుంది. మంచి గాలి తగ్గుతుంది. గాలి చాలక ఇంజన్ ఆగవచ్చు. ఎందుకు ఆగిందో చూద్దామని దిగిన మనిషి పడిపోతాడు. అతన్ని తీయడానికి దిగినవాళ్లూ పడిపోతారు. ప్రాణాలు పోతాయి.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దీపం దించితే ఆరకపోవచ్చు. అయినా విషవాయువు ఉండవచ్చు. దీపాన్ని నమ్మకండి. ఇంజన్‌ను ఒడ్డునే ఉంచండి. ఎవరైనా బావిలో పడిపోతే దిగకండి. ఫైరు స్టేషన్‌కు 101, అంబులెన్సుకు 108 ఫోను చేయండి.

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. ఆ రెండు నంబర్లు ఇంజన్ దగ్గర గోడ మీద మీ చేత్తోనే రాయండి. ఈ పాఠం పక్క చేను వాళ్లకు చదివి వినిపించండి.