ముసలితనం ఒక్కటే కాదు

రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి తోటల్లో పిందె పడ్డ దగ్గర్నుంచి కోత పూర్తయ్యేదాకా రాత్రి కాపలాలో మనుషులతో పాటు కుక్కలదీ వంతే. కోతుల్ని అదిలిస్తాయి, అడవి పందుల అలికిడి పసిగడతాయి, కొత్త మనిషి అడుగు వినబడితే లేస్తాయి. అలా పదేళ్ళు తిరిగిన కుక్క ఒక వేసవిలో గట్టెక్కలేక కిందే నిలబడిపోతుంది. పిలిస్తే తోక కదుపుతుంది గానీ లేవదు. "ముసలిదైపోయింది, ఏం చేస్తాం" అంటారు ఇంట్లో. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. కానీ అక్కడితో ఆగిపోవడం వల్ల నయం కాగల జబ్బులు కూడా వైద్యం అందక ముదిరిపోతున్నాయి. కుక్క పోయాక ఇంటివాళ్ళను ఏళ్ళ తరబడి తొలిచే ప్రశ్న కూడా అక్కడే పుడుతోంది: ముందే చూసుకుని ఉంటే బతికేదా?

వయసు సంగతి ముందు చెప్పుకుందాం. కుక్కకు ఒక ఏడు మనిషికి ఏడేళ్ళతో సమానమన్న లెక్క సరైనది కాదు. వయసుతో పాటు డీఎన్ఏ మీద కొన్ని రసాయన గుర్తులు మారుతుంటాయి. అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు లాబ్రడార్ కుక్కల్లో ఆ గుర్తుల్ని పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. వాటి ప్రకారం ఏడాది నిండిన కుక్క ముప్ఫై దాటిన మనిషితో సమానం. ఆ తర్వాత వేగం తగ్గుతుంది, పన్నెండేళ్ళ కుక్క డెబ్బై ఏళ్ళ మనిషి దగ్గరకు వస్తుంది. పెద్ద జాతులు ఇంకా తొందరగా ముసలివవుతాయి.

అయితే ముసలి కుక్క నీరసించడానికి వయసే కారణమని తేల్చేముందు పిడుదుల్ని అనుమానించాలి. మన వేడి వాతావరణంలో కుక్కల పిడుదు ఏడాది పొడుగునా బతుకుతుంది, గోడల పగుళ్ళలో, పాక మూలల్లో గుడ్లు పెడుతుంది. అది కుట్టినప్పుడు ఎర్లీకియా అనే సూక్ష్మజీవి కుక్క రక్తంలోకి చేరి తెల్లకణాల్లో స్థావరం వేస్తుంది. మొదట కొన్నాళ్ళు జ్వరం, తిండి మానడం. ఆ తర్వాత అంతా తగ్గినట్టే కనబడుతుంది. మోసమంతా ఇక్కడే ఉంది. జబ్బు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు లోపలే ఉండిపోయి, చివరికి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిగుళ్ళు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఒళ్ళు చిక్కిపోతుంది. బయటికి చూస్తే అచ్చం ముసలితనంలాగే ఉంటుంది. పై పెదవి ఎత్తి చూడండి: చిగురు గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు మళ్ళీ ఆ రంగు రావాలి. తెల్లగా ఉంటే అదే రోజు పశువుల డాక్టరుకు చూపించాలి. రక్తపరీక్షలో బయటపడే జబ్బు ఇది. సాధారణంగా 28 రోజుల డాక్సీసైక్లిన్ కోర్సుతో, తొలి దశలో అయితే చాలా కుక్కలు చక్కగా కోలుకుంటాయి. మజ్జ ఎండిపోయాక మాత్రం కష్టం.

నొప్పి విషయంలోనూ ఇలాగే మోసపోతాం. కీళ్ళు అరిగిన కుక్క కుయ్యిమనదు. లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నిస్తుంది, ఒకే చోట నాకుతూ ఉంటుంది, పిల్లలు నడుం మీద చెయ్యి వేస్తే ఎన్నడూ లేనిది గుర్రుమంటుంది. అది కోపం కాదు, నొప్పి. అప్పుడు ఇంట్లో ఉన్న ఒళ్ళునొప్పుల మాత్ర వేయడం చాలాచోట్ల జరుగుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి రక్తస్రావం తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బరువు తూచి, మూత్రపిండాల పరీక్ష చూసి డాక్టరు ఇచ్చే మందులు వేరే ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ తాగి ఎక్కువసార్లు మూత్రం పోస్తుంటే ఆ పరీక్ష తప్పనిసరి. అందులోనూ రక్తంలోని క్రియాటినిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఎందుకంటే మూత్రపిండాల శక్తి మూడొంతులు పోయేదాకా అది మామూలుగానే కనబడవచ్చు.

ఎండ సంగతి కూడా. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చడమే దాని చల్లదనం. నందిగామ, జగ్గయ్యపేట వైపు ఎండ 45 డిగ్రీల దాకా వెళ్ళే రోజుల్లో, గుండె బలహీనపడ్డ ముసలి కుక్కను తోటలో గొలుసుకు కట్టి ఉంచడం దాని ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మనసు. అర్ధరాత్రి లేచి కారణం లేకుండా మొరగడం, గోడ మూలకు వెళ్ళి వెనక్కి రావడం తెలియక నిలబడిపోవడం, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు ఎదురుచూడడం, పెంచిన మనిషినే కొత్తగా చూడడం. కుక్కల్లోనూ మతిమరుపు జబ్బు ఉంది. మనుషుల ఆల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీనే వాటి మెదడులోనూ పేరుకుంటుంది. 2001లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో 11, 12 ఏళ్ళ కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ళ వాటిలో 68 శాతానికి కనీసం ఒక లక్షణం కనబడింది. పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ గిన్నె, పడక ఎప్పుడూ ఉన్నచోటే ఉంచడం, పగలు కాసేపు నడిపించడం, రాత్రి చిన్న దీపం వెలిగించి ఉంచడం దాని భయాన్ని తగ్గిస్తాయి. కసురుకుంటే భయం పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

రోజూ చూసే కళ్ళకు మెల్లగా జరిగే మార్పు ఆనదు. "నేను గమనించలేదే" అని కుమిలిపోయేవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇదే: అది నిర్లక్ష్యం కాదు, చూపుకు ఉన్న పరిమితి. నెలకోసారి సెల్‌ఫోన్‌లో దాని నడకను వీడియో తీసి పాతదానితో పోల్చితే ఆ పరిమితిని కొంత దాటవచ్చు.

ఒకనాటికి ఇక మందులు పనిచేయవు. అప్పుడు ఏం చూడాలో అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ఒక కొలమానం ఇచ్చారు. నొప్పి, తిండి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా కాదా అన్నది. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని వేస్తే, మొత్తం 35 దాటితే సాకుతూ ఉండవచ్చు. అంతకు తగ్గుతూ పోతుంటే డాక్టరుతో కారుణ్య మరణం గురించి మాట్లాడే వేళ. మత్తుమందు ఎక్కువ మోతాదులో నరంలోకి ఇస్తారు. ముందు స్పృహ పోతుంది, తర్వాత శ్వాస, గుండె ఆగుతాయి. కళ్ళు మూతపడవు, ప్రాణం పోయాక కూడా ఒకటి రెండు ఎగశ్వాసలు, కండరాల అదురు ఉండవచ్చు. అది బాధ కాదని ముందే తెలిసి ఉంటే పక్కన కూర్చున్న మనిషి తల్లడిల్లడు. జంతువులను క్రూరంగా చంపడాన్ని 1960 నాటి చట్టం నేరమంటుంది, కాబట్టి అన్నంలో విషం కలపడం లాంటి ఆలోచనే రాకూడదు. పూడ్చేటప్పుడు గొయ్యి లోతుగా, బావికీ బోరుకూ దూరంగా తీయాలి. ఆ మత్తుమందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని ఇతర జంతువులు తవ్వి తింటే వాటికీ ప్రమాదమే.

మనిషి పోతే పరామర్శకు వస్తారు, పెద్దకర్మ దాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. కుక్క పోతే మర్నాడు మామూలుగా తోటకు వెళ్ళాలి. కన్నీళ్ళు పెడితే "కుక్కకు ఏడుస్తావా" అంటారు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం మీద కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశాడు: పంచుకునే వీలు లేకపోవడమే దాన్ని బరువెక్కిస్తుంది. దుఃఖం మాత్రం నిజమైనదే. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే ఆక్సిటోసిన్, కుక్కా యజమానీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చూపించారు. ఇది ఈనాటి మురిపెమూ కాదు. కర్ణాటకలో మండ్య దగ్గరి ఆతకూరులో పదో శతాబ్దపు శాసనం ఉంది. అడవి పందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క కోసం మణలేర అనే వీరుడు రాయి నిలిపి, పూజకు భూమి ఇచ్చాడు. జర్మనీలో బాన్ దగ్గర మనుషులతో పాటు పూడ్చిన దాదాపు 14,000 ఏళ్ళ నాటి కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. దానికి డిస్టెంపర్ జబ్బు వచ్చిందని సూచించే గుర్తులు పళ్ళ మీద ఉన్నాయి. ఆ జబ్బుతో ఎవరో వారాల తరబడి తిండీ నీళ్ళూ చూస్తే తప్ప బతకదు. ఏ పనికీ రాని జబ్బు కూనను వాళ్ళు సాకారు.

పిల్లలకు "నిద్రపోయింది", "ఎక్కడికో వెళ్ళిపోయింది" అని చెప్పకండి. మొదటి మాటతో నిద్రంటే భయం పుడుతుంది, రెండో మాటతో వీధి చివర ఎదురుచూస్తారు. చచ్చిపోయిందని, ఇక రాదని చెప్పి, వాళ్ళతో పాటు మీరూ ఏడవచ్చు.

తోటలో ఇంకో కుక్క ఉంటే దాన్నీ గమనించాలి. ఇటలీలో 426 మంది యజమానుల్ని అడిగి 2022లో ప్రచురించిన పరిశోధనలో, తోటి కుక్క పోయాక మిగిలినదాని ప్రవర్తన మారిందని 86 శాతం మంది చెప్పారు: తక్కువ తినడం, ఎక్కువ నిద్రపోవడం, మనిషి వెంటే తిరగడం. రెండు మూడు రోజులు దాటినా తినకపోతే దిగులే అనుకుని ఊరుకోవద్దు. పోయిన కుక్క పడుకున్న పాకలోనే, అవే పిడుదుల మధ్య ఇదీ పెరిగింది. చిగుళ్ళు చూసి, రక్తపరీక్ష చేయించండి.