ఒక రాజ్యము, రెండు గతులు

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున యూదులపై జరిగిన ఘోరమును తలచునప్పుడు మన మనస్సున మొట్టమొదట మెదలునది జర్మను సైనికుడే. కాని జర్మనీతో చెలిమి చేసిన దేశములలో ఆ పనిని పెక్కుచోట్ల ఆయా దేశముల శాసనసభలును, మంత్రులును, పోలీసులును, గుమాస్తాలును స్వయముగా సాగించిరి. గొడ్డలి జర్మనీది, పిడి స్వదేశపుది. అట్టి దేశములలో బల్గేరియా చరిత్ర మిక్కిలి విచిత్రమైనది. ఏలయన అచటి ప్రభుత్వము ఒకే వత్సరమున తన యేలుబడిలోని యూదులలో కొందరిని మృత్యువునకు అప్పగించెను, తక్కినవారిని అప్పగింపబోయి ఆగిపోయెను.

బల్గేరియాలో యూదులు ఇంచుమించు ఏబదివేలమంది, అనగా జనసంఖ్యలో నూటికొక్కరికంటె తక్కువగా, ఉండిరి. వారిలో అధికులు 15వ శతాబ్ది చివర స్పెయిను దేశమునుండి వెడలగొట్టబడి ఒట్టోమను సుల్తానుల రాజ్యమున తలదాచుకొన్నవారి సంతతివారు. 1940 సెప్టెంబరులో జర్మనీ తోడ్పాటున దక్షిణ దోబ్రుజా ప్రాంతము రుమేనియానుండి తిరిగి చేజిక్కగా, ఇంకను భూములు దొరకునన్న ఆశతో మూడవ బోరిస్ రాజు ప్రభుత్వము జర్మనీవైపు మొగ్గెను. 1941 జనవరిలో ‘జాతి రక్షణ శాసనము’ అమలులోనికి వచ్చెను. దానిచే యూదులు ఓటుహక్కును, ప్రభుత్వోద్యోగములను, బల్గేరియనులను వివాహమాడు స్వాతంత్ర్యమును కోలుపోయిరి. వృత్తులలో ప్రవేశమునకు హద్దులు ఏర్పడెను. రచయితలు, న్యాయవాదులు, క్రైస్తవ పీఠాధిపతులు ఈ శాసనము తగదని మొఱపెట్టుకొనిరి. ప్రభుత్వము చెవిని పెట్టలేదు. పిమ్మట ప్రత్యేకపు పన్నులును, పురుషులకు వెట్టిచాకిరియు, 1942లో పసుపుపచ్చని నక్షత్రచిహ్నమును ఒకదాని వెంట ఒకటి వచ్చెను.

1941 వసంతమున జర్మనీ యుగోస్లావియాను, గ్రీసును జయించి, మాసిడోనియా, థ్రేసు ప్రాంతములలో అధికభాగమును బల్గేరియాకు ఒప్పగించెను. 1942 జూనులో ఆ ప్రాంతముల ప్రజలకు పౌరసత్వము నొసగిన ప్రభుత్వము యూదులను మాత్రము మినహాయించెను. అడిగెడు రాజ్యము లేనివారైన యీ జనులే మొదట బలియైరి. 1943 ఫిబ్రవరి 22వ తేదీన యూదు వ్యవహారాల కమిషనరు అలెగ్జాండర్ బెలెవ్, జర్మనీ ప్రతినిధి థియొడోర్ డానెకర్ 20,000 మంది యూదులను అప్పగించుటకై ఒడంబడిక వ్రాసికొనిరి. కొత్త ప్రాంతములలో అంతమంది లేరు. కొఱతను పాత బల్గేరియా పౌరులతో పూరింపవలెనని రహస్యముగా నిశ్చయమయ్యెను.

ఈ రహస్యము క్యుస్తెందిల్ పట్టణమున పొక్కినది. ఆ పట్టణస్థులు సోఫియాకు వచ్చి, తమ ప్రతినిధియు, శాసనసభ ఉపాధ్యక్షుడునైన దిమితర్ పెషేవ్‌ను ఆశ్రయించిరి. లోగడ జాతి రక్షణ శాసనమును సమర్థించిన యీ పెషేవే, మార్చి 9వ తేదీన దేశీయాంగమంత్రి గబ్రోవ్‌స్కిని నిలదీసి, పాత బల్గేరియా యూదుల తరలింపును ఆపించెను. ప్లోవ్‌దివ్ నగరమున క్రైస్తవ పీఠాధిపతి కిరిల్ యూదులను నిర్బంధించిన బడికి స్వయముగా వెళ్లి, రాజునకు తంతి పంపెను. మార్చి 17న పెషేవ్ 43 మంది ప్రభుత్వపక్ష సభ్యుల సంతకములతో ప్రధానికి నిరసనలేఖ సమర్పించి, తత్ఫలముగా పదవి పోగొట్టుకొనెను.

కాని తరలింపు ఆగిన రెండుదినములకే, మార్చి 11వ తేదీన, మాసిడోనియా యూదులను స్కోప్యేలోని పొగాకు గోదాములలో కుక్కిరి. అంతకుముందే పట్టుబడిన థ్రేసు యూదులను రైలుబండ్లలో డాన్యూబు తీరమందలి లోమ్ రేవునకు చేర్చి, పడవలలో వియన్నాకు పంపిరి. ఉభయుల గమ్యస్థానము ట్రెబ్లింకా మారణశిబిరము. బల్గేరియా అధికారులు అప్పగించినవారు మొత్తము 11,343 మంది. వారిలో బ్రతికి బయటపడినవారు దాదాపు లేరు.

పాత బల్గేరియా యూదులు సుమారు 48,000 మంది యుద్ధమును దాటి బ్రతికిరి. కాని వారికిని సుఖము లేదు. 1943 మే నెలలో సోఫియా యూదులను ఇండ్లనుండి వెడలగొట్టి ఇతర ప్రాంతములకు తరిమిరి. ఈ రక్షణకు కీర్తిని రాజునకు కట్టవలెనా, ప్రజలకు కట్టవలెనా యని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. ఎవరికి కట్టినను, ఆ కీర్తి 11,343 మంది మరణమునకు జవాబు కానేరదు. 2013లో బల్గేరియా శాసనసభయే ఆ తరలింపును ఒప్పుకొని ఖండించెను.

ఈ చరిత్ర చెప్పు తీర్పు స్పష్టము: మార్చి నెలలో రైలుపెట్టెలలోనికి నెట్టబడినవారు తొమ్మిది నెలలకు పూర్వమే కాగితముపై రాజ్యబహిష్కృతులైరి. ఒక వర్గమువారి పౌరసత్వమును శాసనము తగ్గించినప్పుడే ఎదిరింపవలెను. రైలు కదలిన పిమ్మట ఎదిరించువారు కొందరినే కాపాడగలరు.