కోపం ఆట నేర్పుతుందా?

ఫుట్‌బాల్ పోటీలో గోలు తప్పినప్పుడు ఆటగాడికంటె ముందుగా బాధపడేవాడు అతనికి ఆట నేర్పిన శిక్షకుడు. ఆ బాధ ఒక్కొక్కప్పుడు కేక అవుతుంది, తిట్టు అవుతుంది, చేయి చేసుకోవటం కూడా అవుతుంది. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం వంటి ఊళ్ల బడి మైదానాలు మొదలుకొని ఇంగ్లండులోని పెద్ద క్లబ్బుల వరకు ఇటువంటి ప్రవర్తనకు ఒకటే సమర్థన వినిపిస్తుంది: “ఏం చేస్తాడు, ఆయనకు ఆటంటే ప్రాణం!” ఈ సమర్థన ఎంతవరకు నిలుస్తుంది?

ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. కోపానికి కారణం ఏమిటనేది ఒకటి. ఆ కోపంవల్ల ఆట బాగుపడుతుందా అనేది రెండవది.

ఉద్రేకం చేసే పని

మనిషికి ఉద్రేకం కలిగినప్పుడు మూత్రపిండాలపై టోపీలవలె అమరిన అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. పోరాడటానికో పారిపోవటానికో శరీరం ఇట్లా సిద్ధపడుతుందని అమెరికను శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. మైదానం పక్కన నిలుచున్న శిక్షకునికి ఈ శక్తి అంతా పుడుతుంది గాని, పరుగెత్తి దాన్ని ఖర్చు చేసే అవకాశం లేదు. అందుచేత అది నోటిగుండా బయటపడుతుంది.

ఇది కారణం మాత్రమే, సమర్థన కాదు. ఇబ్రహీంపట్నం రైతులకు తమ పెద్దచెరువును చూస్తే ఈ భేదం తెలుస్తుంది. నిండిన చెరువు నీరు తూముగుండా వస్తే పైరు పండుతుంది. కట్ట తెగి వస్తే అదే పైరు కొట్టుకుపోతుంది. నీరు ఒకటే, దారి వేరు. ఆటపై మమకారం కూడా అంతే.

తిట్టు పనిచేసినట్లు ఎందుకు తోస్తుంది?

“తిట్టిన మరునాడు కుర్రవాడు బాగా ఆడాడు, మెచ్చుకొన్న మరునాడు చెడగొట్టాడు” అని అనుభవజ్ఞులైన శిక్షకులు అంటారు. వారు అబద్ధం చెప్పటం లేదు. వారు చూసింది నిజమే. దానికి చెప్పుకొన్న కారణమే తప్పు.

ఒక కుర్రవాడు పది పెనాల్టీ కిక్కులు కొడితే సగటున ఆరు గోళ్లు చేస్తాడనుకొందాం. ఒకనాడు అదృష్టం కలిసిరాక రెండే చేస్తాడు, తిట్లు తింటాడు. మరునాడు తన సగటుకు దగ్గరగా ఐదో ఆరో చేస్తాడు. తిట్టకపోయినా అంతే చేసేవాడు. ఇంకొకనాడు తొమ్మిది చేసి మెప్పు పొందుతాడు. మరునాడు మళ్లీ ఆరుకే దిగుతాడు. మెప్పు చెరపలేదు, తిట్టు బాగుచేయలేదు. మామూలుకంటె చాలా ఎక్కువ, చాలా తక్కువ ఫలితాల తరువాత వచ్చే ఫలితం సాధారణంగా సగటుకు దగ్గరగా ఉంటుంది. దీనినే సగటువైపు మరలటం అంటారు. తల్లిదండ్రుల ఎత్తును పిల్లల ఎత్తుతో పోల్చి, ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ఈ సూత్రాన్ని ప్రచురించాడు.

ఇజ్రాయిల్ వైమానిక దళ శిక్షకులు కూడా తిట్టే మేలని వాదించారు. వారి అనుభవం వెనుక ఉన్నది ఈ సూత్రమేనని మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానమన్ గుర్తించాడు. 2002లో ఈయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పెద్దల ఉదాహరణలు

2003 ఫిబ్రవరిలో ఆర్సెనల్ చేతిలో ఓడిన కోపంలో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ తన్నిన బూటు ఎగిరి డేవిడ్ బెక్‌హాం కనుబొమకు తగిలింది, కుట్లు పడ్డాయి. అది అనుకోకుండా జరిగిందన్నారు ఫెర్గూసన్. ఆ వేసవిలోనే బెక్‌హాం స్పెయిను వెళ్లిపోయాడు. ఫెర్గూసన్ 13 లీగు విజయాలు సాధించాడు గదా అని అడగవచ్చు. ఆ విజయాలు కోపంవల్ల వచ్చాయో, కోపం ఉన్నప్పటికీ వచ్చాయో ఒక్క మనిషిని చూసి తేల్చలేము. పోల్చి చూడటానికి మరొక గుంపు కావాలి.

అటువంటి పోలికను బార్నెట్, స్మోల్, స్మిత్ అనే అమెరికను పరిశోధకులు 1992లో ప్రచురించారు. బేస్‌బాల్ నేర్పే కొందరు శిక్షకులకు, పొరపాటు జరిగినప్పుడు దండించక ధైర్యం చెప్పి సరిదిద్దే పద్ధతిని వారు నేర్పారు. మిగిలిన వారిని యథాప్రకారం వదిలారు. గెలుపు ఓటములలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. కాని మరుసటి ఏడు మామూలు శిక్షకుల వద్ద ఉన్న పిల్లలలో 26 శాతం ఆట మానేశారు. మొదటి గుంపులో మానినవారు 5 శాతమే. అంటే మెత్తదనంవల్ల గెలుపు తగ్గలేదు. పిల్లలు మాత్రం ఆటలో నిలిచారు.

హైదరాబాదు చెప్పే పాఠం

ఇబ్రహీంపట్నానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులోనే మేలైన ఉదాహరణ ఉన్నది. వృత్తిచేత బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు మార్లు రోవర్స్ కప్పు గెలిచింది. క్రమశిక్షణలో రహీం చాలా గట్టివారు. అయితే ఆయన గట్టిదనం అభ్యాసంలో ఉండేది. ఆటగాళ్ల బలహీనమైన కాలు బాగుపడటానికి ఆ కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం రోజూ అభ్యాసానికి రావటానికి డబ్బు లేదంటే, సైకిలు అద్దెకు ఆయనే డబ్బిచ్చారు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందిన భారత జట్టులోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచిన జట్టులోను ఆడాడు. జకార్తాలో దక్షిణ కొరియాపై 2–1 గోళ్లతో గెలిచేనాటికే రహీంను కాన్సర్ పీడిస్తున్నది. 1963 జూన్‌లో ఆయన మరణించారు. ఆటపై ఆయనకంటె ఎక్కువ మమకారం ఎవరికి ఉంటుంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిపిల్లలను కొట్టటాన్ని, మానసికంగా వేధించటాన్ని నిషేధించింది. ఆటల పీరియడుకు అందులో మినహాయింపు లేదు. తప్పును తప్పని గట్టిగా చెప్పటం శిక్షకుని విధి. దాన్ని ఎట్లా సరిదిద్దుకోవాలో చూపటం కూడా విధే. రెండవది చేయలేని కోపం ఎంత ప్రేమలోనుంచి పుట్టినా, ఆటకు గాని ఆటగాడికి గాని ఉపకరించదు.