తరావా తీరమున ఛాయాచిత్రకారులు

పసిఫిక్ మహాసముద్ర మధ్యమున, నేడు కిరిబాటి దేశమునకు చెందిన తరావా పగడపు దీవులలో బెషో యనున దొకటి. దాని పొడవు రెండు మైళ్ళకు కొంచెము హెచ్చు. 1943వ సంవత్సరము నవంబరు 20వ తేదీన అమెరికా నావికాదళము జపానువారి యధీనములో నున్న ఆ దీవిపై సేనలను దింపినది. సైనికునికంటె ముందుగ దానిని దర్శించినది కెమెరా.

ఆ సెప్టెంబరు, అక్టోబరు మాసములలో నాటిలస్ అను జలాంతర్గామి అచ్చట సంచరించి, పెరిస్కోపు గుండ తీరమును వరుసగ చిత్రించినది. నావికాదళమువా రిచ్చిన కెమెరాలు పనికిరాకపోగా, లించ్ అను అధికారి తన సొంత కెమెరాతో ఆ పని నెరవేర్చెను. విమానములనుండి తీసిన చిత్రములలో జపానువారు నీటిపై కట్టుకొనిన మరుగుదొడ్లు స్పష్టముగ కనబడినవి. వానిని లెక్కించి, ఒక్కొక్కదానిని ఎందరు వాడుదురో గణించి, దీవిలో సుమారు 4,800 మంది కలరని నిపుణులు అంచనా కట్టిరి. వినుటకు నవ్వు పుట్టించు లెక్కయే. కాని యది యించుమించు నిజమైనది.

అయితే పగడపు తిన్నెపై ఆనాడు నీరెంత లోతుండునో ఏ చిత్రమును చెప్పజాలదయ్యెను. అష్టమీ ప్రాంతములందు పోటు మందగించును, ఆ దినములట్టివే. పడవలకు నాలుగడుగుల నీరు కావలసియుండగా అంతకు తక్కువయే యుండెను. పడవలు తిన్నెకు తగిలి నిలిచిపోగా, సైనికులు గుండ్లవానలో వందలకొలది గజములు నీటిలో నడిచిరి. 76 గంటల పోరులో సుమారు వేయిమంది అమెరికనులు మరణించిరి. జపాను సైనికులలో ప్రాణములతో పట్టువడినవారు 17 మందియే.

ఆ పోరులో చలనచిత్ర కెమెరా చేతబూనినవారును కలరు. మెరీను దళమునకు చెందిన నార్మన్ హాచ్ పట్టిన యొక దృశ్యమున, పరుగెత్తు జపాను సైనికులును, ఎదుటనున్న మెరీనులును ఒక్కసారిగ కనబడుదురు. పసిఫిక్ యుద్ధ చిత్రములలో ఇట్టిది మిక్కిలి అరుదు.

తెచ్చిన చిత్రములలో, నీటిలో తేలియాడు అమెరికను సైనికుల శవములుండెను. వీనిని కుటుంబములవారికి చూపదగునా? ప్రశ్న అధ్యక్షుడు రూజ్‌వెల్టు వరకు పోయినది. ఆ పోరును కన్నులార చూచివచ్చిన విలేఖరి రాబర్ట్ షెరాడ్, చూపవలసినదే యని చెప్పెను. అధ్యక్షుడు సమ్మతించెను. శత్రువుల శవములను చూపుటకు ఇంత తర్జనభర్జన అవసరము కాలేదన్నది గమనింపదగినది. 1944 మార్చిలో వెలువడిన ఆ లఘుచిత్రమునకు మరుసటి యేట అకాడమీ బహుమానము లభించినది.

తరావాలో నేలకొరిగిన పలువురి సమాధుల జాడ తదనంతర కాలమున తప్పిపోయినది. 2015వ సంవత్సరమున బెషోలో త్రవ్వగా, ముప్పదిమందికి పైగా సైనికుల యస్థికలు బయల్పడినవి.