సేనాని డ్యుమూరియే: విప్లవకాలమున మారిన నిష్ఠ

ఫ్రెంచి విప్లవ చరిత్రమున ఏడు మాసములు నిండకమున్నే దేశరక్షకుడనియు, దేశద్రోహియనియు రెండు పేర్లును పొందిన సేనాని డ్యుమూరియే.

1739లో కాంబ్రే పట్టణమున జన్మించిన యీతడు పదునైదవ లూయీకి రహస్యదూతగా పనిచేసి, 1773లో బాస్టీలు కారాగారమునుగూడ చూచెను. రాజసేవలో ఏబదియేండ్లు వచ్చిన యీ ప్రౌఢుడే 1792 మార్చిలో జిరోండిన్ పక్షమువారి తోడ్పాటున విదేశాంగమంత్రియై, జాకోబిన్ సంఘమున ఎఱ్ఱటోపీ ధరించి ప్రసంగించెను. ఏప్రిలు 20న ఆస్ట్రియాపై ప్రకటింపబడిన యుద్ధమునకు ముఖ్య ప్రోత్సాహకుడును ఈతడే.

మంత్రిపదవి మూడునెలలే నిలిచినది. పిమ్మట సేనాధిపతియై, ఆర్గాన్ అడవుల కనుమలలో ప్రష్యా సేనల నడ్డగించి, సెప్టెంబరు 20న వాల్మీవద్ద కెల్లర్మన్‌తో కలిసి వారిని నిలువరించెను. మఱునాడే పారిసులో రాచరికము రద్దయ్యెను. నవంబరు 6న జెమాప్ యుద్ధమున ఆస్ట్రియనులను గెలువగా బెల్జియము ఫ్రెంచివారి వశమైనది. ఈ విజయమే ఇంగ్లండు నలజడిపెట్టినది. 1793 ఫిబ్రవరిలో ఆ రెండు దేశములకును యుద్ధము వచ్చెను. ఆగస్టులో పుదుచ్చేరి ఆంగ్లేయులకు లొంగెను. యానాముతో సహా మన దేశమందలి ఫ్రెంచి స్థావరములు 1814 పారిసు సంధి తరువాతగాని తిరిగి ఫ్రెంచివారికి దక్కలేదు.

డ్యుమూరియే మనస్సు విఱిగినది బెల్జియమునందే. అచ్చటి ప్రజలను మిత్రులుగా నుంచుకొనవలెనని ఈతని కోరిక. కాని కన్వెన్షన్ సభ డిసెంబరు 15న చేసిన శాసనము ఆ దేశమున ఫ్రెంచి పద్ధతులను బలవంతముగా నెలకొల్పెను, చర్చి ఆస్తులను వశపఱచుకొనెను. జనవరిలో రాజును వధించిరి. మార్చి 12న ఈతడు సభను నిందించుచు లేఖ వ్రాసెను. ఆఱు దినములకే నీర్విండెన్‌వద్ద ఓడెను. గెలిచియుండినచో ఆ లేఖ సాహసమనిపించుకొనెడిదేమో! ఓడినవాని లేఖ నేరమయ్యెను.

అంతట నీతడు ఆస్ట్రియనులతో మంతనములాడి, పారిసుపైకి దండెత్తి, సభను రద్దుచేసి, 1791 నాటి రాజ్యాంగమును పునరుద్ధరింప నెంచెను. విచారింపవచ్చిన యుద్ధమంత్రిని, నలుగురు సభ్యులను బంధించి శత్రువుల కప్పగించెను. కాని సైన్యము వెంట రాలేదు. ఏప్రిలు 4న దావూ నాయకత్వమందలి స్వచ్ఛందసైనికులు తమ సేనానిపైననే తుపాకులు కాల్చిరి. పూర్వము సేనాని యెచ్చటనో సేన యచ్చటనే. ఇప్పుడు సిపాయి దేశమునకు కట్టుబడెను. డ్యుమూరియే అంచనా తప్పినది ఇక్కడనే. మఱునాడు కొలదిమందితో ఆస్ట్రియనుల దండు చేరెను. ఏప్రిలు 6న పారిసులో ప్రజారక్షణ సమితి యేర్పడెను. ఈతనిని నమ్మిన జిరోండిన్లు జూన్‌లో పతనమైరి.

ఈతనితో పారిపోయినవారిలో పందొమ్మిదేండ్ల ఛార్ట్రే ప్రభువొకడు. డ్యుమూరియే రాజును చేయదలచినది ఈ యువకునే యని అనుమానించినవారు కలరు. ఆ యువకుడు 1830లో లూయీ ఫిలిప్ అను పేర సింహాసనమెక్కెను. డ్యుమూరియే అంతకు ఏడేండ్లు ముందే, 1823 మార్చి 14న, ఇంగ్లండున ప్రవాసమందే మరణించెను.