కూలిగుడ్డ పెద్దరికం

మొన్న నేను జీన్సు తొడుక్కుని కాలేజీకి బయలుదేరుతుంటే, అరుగుమీద కూర్చున్న మా నాన్నగారు "పాఠం చెప్పడానికేనా?" అన్నారు. ఇదే ప్రశ్న అమెరికాలో చాలాకాలం నలిగింది.

1873లో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ అనే బట్టల వర్తకుడు కలిసి, జేబు మూలల్లో రాగి రివెట్లు బిగించిన లాగులకు పేటెంటు పుచ్చుకున్నారు. ఎంత బరువు కుక్కినా జేబు చినగకూడదు, అంతే వారి ఆశయం. తొడుక్కున్నది గనికూలీలు, పశువుల కాపరులు. మర్యాదస్థుల ఇళ్లలో దానికేం పని?

1951లో బింగ్ క్రాస్బీ అంతటి గాయకుడు డెనిమ్ దుస్తులతో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటలుకు వెళితే, గుమాస్తా గది లేదు పొమ్మన్నాడట! తరువాత ఆనవాలు పట్టి ఇచ్చారనుకోండి. ఆ కబురు విని లీవై కంపెనీవారు ఆయనకు డెనిమ్‌తోనే విందుకోటు కుట్టించారు.

1953లో మార్లన్ బ్రాండో, 1955లో జేమ్స్ డీన్ సినిమాల్లో తొడిగారు. కుర్రకారు ఎగబడ్డారు, కొన్ని బడులు నిషేధించాయి. ఆ కుర్రకారే పెద్దవారై ఉద్యోగాల్లో చేరినా లాగు విడవలేదు. పెద్దలు ఒప్పుకున్నారనేకంటే, ఒప్పుకోని పెద్దలు తగ్గిపోయారనడం సబబు.

ఇదంతా నాన్నగారికి చెప్పాను. రైసుమిల్లులో ముప్ఫయ్యేళ్లు బస్తాలు మోసిన మనిషి. గుడ్డ తడిమి చూసి, "గట్టిదే. కూలిగుడ్డ తప్పించడానికేరా నిన్ను చదివించింది" అన్నారు.

ఆ పూటకు లాగు మార్చుకునే వెళ్లాను.